పున్నయ్య పడవలోకి నీళ్ళు

యోగాంబగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆ ఆశ్రమంలో ఎవరూ చూసి ఎరగరు. అడిగినవాళ్ళ ముఖంలోకి ఒకసారి చూసి, "ఆ చిక్కుడుకాయలకి ఈనెలు తీసిపెట్టు" అనో, "గోశాల తలుపు గడియ సరిగ్గా పడటం లేదట, చూసిరా" అనో ఏదో ఒక పని పురమాయించేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు తమ మాట ఆవిడకి వినబడలేదేమోనని మళ్ళీ అడిగేవారు. పాతవాళ్ళు మాట్లాడకుండా లేచి పనిలోకి వెళ్ళేవారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి అడిగిన ప్రశ్నే గుర్తుండేది కాదు. ఆవిడకి రెండూ సమ్మతమే.

ఆశ్రమం మాచర్లకి అవతల, ఆనకట్టకి ఎగువన నిలిచిన కృష్ణ నీళ్ళ ఒడ్డున ఉంది. ఎదురుగా కనుచూపు మేరా నీళ్ళు, నీళ్ళకి అవతల నల్లమల కొండలు. పానకాలరావు అక్కడికి వచ్చి ఏడాది దాటింది. గుంటూరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో వర్క్‌షాపు మాష్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. రంపం, ఆకురాయి, వెల్డింగు, ఏ పనిముట్టయినా ఆయన చేతిలో చెప్పినట్టు వినేది. వినందల్లా కోపం ఒక్కటే. చెయ్యెత్తి ఎవర్నీ కొట్టలేదు గానీ ఆయన నోరు లేచిందంటే ఆ ఇంట్లో మిగతావాళ్ళ నోళ్ళు పడిపోయేవి. కూరలో ఉప్పు తగ్గినా, కరెంటు పోయినా, తలుపు చప్పుడైనా సరే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ కోపాన్ని కాలేజీ కొంత పంచుకుంది. రిటైరయ్యాక రోజంతా ఇంట్లోనే ఉండేసరికి దానికి సెలవంటూ లేకుండా పోయింది. చివరికి తన గొంతు తనకే వెగటు పుట్టి, భార్య శేషారత్నానికి ఒక్క మాట చెప్పి, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని యోగాంబగారి దగ్గరికి వచ్చేశాడు.

ఇక్కడికొచ్చాక ఆయన వేరే మనిషయ్యాడు. పంక్తిలో వడ్డించేవాడి చెయ్యి జారి వేడి చారు తొడ మీద ఒలికితే, "పోనీలే, చలికాలమేగా" అని నవ్వాడు. పక్క మంచం మీద పడుకునే ముసలాయన రాత్రంతా గుర్రు పెడితే దుప్పటి తీసుకుని వరండాలోకి వెళ్ళి పడుకున్నాడు. ఎవరో యాత్రికులు ఆయన్ని తోటమాలి అనుకుని కేకలేస్తే చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. ఇవన్నీ ఒక్కొక్కటే మనసులో పోగేసుకుని ఒక ఉదయం పారాయణం అయ్యాక యోగాంబగారి ముందుకి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, కోపం నన్ను వదిలిపోయిందనే అనిపిస్తోంది. ఏడాదిగా వెతుక్కుంటున్నాను, ఎక్కడా కనబడలేదు. అది నిజంగా పోయిందో లేదో నిశ్చయంగా తెలుసుకోవడం ఎలా? పోయిందని మీరంటే నాకు కాషాయం ఇప్పించండి. ఇక మిగిలిన బతుకంతా ఇక్కడే."

యోగాంబగారు ఆయన ముఖంలోకి చూశారు. "నీ భార్యని అడిగావా?"

"ఆవిడ కాదనదమ్మా."

"కాదనదని నాకు నువ్వు చెప్తే చాలదు. రమ్మని కబురు పెట్టు. ఈలోపు మన పున్నయ్య పడవలోకి నీళ్ళు వస్తున్నాయట. ఎక్కణ్ణించి వస్తున్నాయో ఎవరికీ అంతు చిక్కడం లేదట. నీకు చేతిపని తెలుసుగా, కాస్త చూసిపెట్టు."

పున్నయ్య మాచర్లలో పత్తి మిల్లు నడుపుతాడు. ఆశ్రమానికి రాకపోకలున్న మనిషి. సరదా మనిషి కూడా. వెనక పెట్రోలు ఇంజను బిగించిన తెల్లటి ఫైబర్ పడవ ఒకటి కొనుక్కుని ఆశ్రమం రేవులోనే కట్టేసుకున్నాడు. చేపల వేటకి కాదు, సరుకు మోతకీ కాదు. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కాసేపు నీళ్ళ మీద షికారు కొట్టి రావడానికి. పానకాలరావు రేవులోకి వెళ్ళేసరికి అతను పడవ అంచు మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"ఏం చెప్పమంటారు మాష్టారూ! రేవులో కట్టేసి ఉంచితే వారమైనా చుక్క రాదు. షికారుకి వెళ్ళొచ్చి దిగేటప్పుడు చూస్తే చెప్పులు తేలుతుంటాయి. ఎప్పుడొచ్చాయో, ఎటునుంచి వచ్చాయో తెలియదు. మొదట్లో పిల్లలు చిమ్ముకున్న నీళ్ళేమో అనుకున్నాను. కిందటిసారి చీలమండల దాకా వచ్చాయండీ. మా ఆవిడైతే ఇక ఈ పడవ ఎక్కనంటోంది."

"లోపలి నీళ్ళు బయటికి తోడే మోటారు ఉండాలే?"

"కాలిపోతే తీసేశానండీ. దాని గొట్టం మాత్రం వెనక అలాగే ఉంది. ఇప్పుడు చెంబుతోనే తోడుకుంటున్నాం."

పానకాలరావు పంచె ఎగగట్టి పనిలోకి దిగాడు. దుంగలు వేసి పడవని ఒడ్డు మీదకి లాగించాడు. లోపలా బయటా తడి లేకుండా తుడిచి ఎండనిచ్చాడు. ఆశ్రమం వంటింట్లోంచి ముగ్గుపిండి అడిగి తెచ్చి అడుగంతా పల్చగా చల్లి, మళ్ళీ నీళ్ళలోకి తోయించి, సన్నటి చెమ్మ జాడ కనిపించినా పట్టేద్దామని గంటల తరబడి వంగి చూస్తూ కూర్చున్నాడు. పిండి పొడిపొడిగా చల్లినట్టే ఉండిపోయింది. మర్నాడు మళ్ళీ ఒడ్డుకి లాగించి, ఈసారి తలకిందుల ఆలోచన చేశాడు. పడవలోనే బిందెలతో నీళ్ళు పోయించి, కింద పడుకుని, ఎక్కడ ఊరుతుందా అని అడుగుభాగమంతా వేలితో తడిమాడు. వెనక పక్క, అంచుకి కాస్త దిగువగా, ఆ పాత గొట్టం బయటికి తెరుచుకునే రంధ్రం కనబడింది. పడవ నీళ్ళ మీద ఉన్నప్పుడు ఆ రంధ్రం నీటికి జానెడు పైనే ఉంటుంది. దాంతో మనకేం పని అని దాన్ని వదిలేశాడు. అడుగున మాత్రం, ఎప్పుడో రాయి గీసుకున్న చోట, వెంట్రుకవాసి బీట ఒకటి దొరికింది. దాని చుట్టూ చెమ్మ. పానకాలరావు గుండె తేలికపడింది.

ఆ బీటని గీకి, శుభ్రం చేసి, జిగురు పట్టించి, ఫైబర్ గుడ్డ అతికి, ఆరాక ఆకురాయితో నున్నగా రుద్దాడు. పనంతా అయ్యేలోపు ఎన్నో చిరాకులు. తెప్పించిన జిగురు పాతదై గడ్డ కట్టింది. పున్నయ్య పంపిన మనుషులు చెప్పిన వేళకి రాలేదు. ఎండ మాడ్చేసింది. అయినా ఆయనకి విసుగన్నది రాలేదు. తన ఓర్పుకి తనే ఆశ్చర్యపోయాడు. ఇదే పని ఇంటి దగ్గరైతే ఎన్ని కేకలు పెట్టేవాణ్ణో అనుకున్నాడు. ఆ తర్వాత పున్నయ్యా తనూ ఎక్కి, ఇంజను గట్టిగా తిప్పి, అవతలి కొండ దాకా వెళ్ళి వచ్చారు. పడవలో చుక్క తడి లేదు.

సాయంత్రం ఆ మాటే యోగాంబగారికి చెప్పాడు. "లోపం దొరికిందమ్మా. మూసేశాను."

"దొరికిందా?"

"దొరికింది. స్వయంగా ఎక్కి తిరిగి చూశాం. పొడిగా ఉంది."

"మంచిది. ఆదివారం నీ ఇంటివాళ్ళు వస్తున్నారుగా. అందరం ఎక్కుదాం," అన్నారు ఆవిడ.

ఆదివారం పొద్దుటి బస్సుకి శేషారత్నం, కూతురు హైమ వచ్చారు. హైమ గుంటూరులో ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఏడాది తర్వాత చూస్తున్నాడు వాళ్ళని. భార్య కాస్త ఒళ్ళు చేసినట్టు, ముఖం తేటపడినట్టు అనిపించి పానకాలరావు సంతోషించాడు. యోగాంబగారు వాళ్ళని తన గదిలో చాప మీద కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళిచ్చి, ప్రయాణం ఎలా జరిగిందో అడిగి, నేరుగా విషయంలోకి వచ్చారు.

"అమ్మాయీ, నీ భర్త కాషాయం కట్టుకుంటానంటున్నాడు. కట్టుకుంటే ఇక ఆ ఇంటికి రాడు. నీకు సమ్మతమేనా?"

"సమ్మతమే అమ్మగారూ," అంది శేషారత్నం.

ఆ మాటకి ముందు ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు. కళ్ళు దించుకోలేదు, కూతురి వైపు చూడలేదు.

"ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలేమో. తొందరేం లేదు."

"ఆలోచించుకునే వచ్చామండీ."

పానకాలరావుకి పెద్ద బరువు దిగినట్టయింది. భార్య మనసు ఎంత పెద్దది అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే లోపలెక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, అది ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. యోగాంబగారు మాత్రం ఆ తల్లీకూతుళ్ళని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచారు. "సరే, ఆ మాట సాయంత్రం చూద్దాం. ముందు రండి, మీ ఆయన బాగుచేసిన పడవెక్కుదాం."

రేవులో పున్నయ్య సిద్ధంగా ఉన్నాడు. అతని భార్య, మరదలు, మరదలి పిల్లలిద్దరు అప్పటికే వచ్చేశారు. అందరికీ నారింజరంగు తేలుడు కోట్లు తొడిగి ఒక్కొక్కళ్ళనీ ఎక్కించారు. ఆడవాళ్ళందరూ నీడ ఉందని వెనక బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. ఆ చివర శేషారత్నం, ఆమె పక్కన హైమ. యోగాంబగారు మధ్యలో, పిల్లలు ఆవిడ కాళ్ళ దగ్గర. పానకాలరావు ముందు వైపు, చక్రం పట్టి పడవ నడిపే పున్నయ్య పక్కన కూర్చున్నాడు. పడవ రేవు వదిలింది.

గాలి చల్లగా ఉంది. నీళ్ళు రెండు పాయలుగా చీలి వెనక్కి పోతున్నాయి. కొండలు దగ్గరవుతున్న కొద్దీ వాటి మీద చెట్లు విడివిడిగా కనబడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పున్నయ్య భార్య కూడా భయం తీరి నవ్వుతోంది. తన చేత్తో బాగుచేసిన వస్తువు ఇంతమందిని మోసుకుపోతుంటే పానకాలరావుకి మనసు నిండుగా ఉంది. భార్య సమ్మతించింది. కోపం పోయింది. ఇక ఈ నీళ్ళూ ఈ కొండలే తన లోకం.

"ఏవండీ," అని వెనకనుంచి శేషారత్నం పిలిచింది. "ఇక్కడేదో నీళ్ళు పడుతున్న చప్పుడవుతోంది."

"ఇంజను చప్పుడు అది," అన్నాడు ఆయన తల తిప్పకుండా.

పడవ మరికొంత దూరం పోయింది. నట్టనడి నీళ్ళలోకి వచ్చారు. "ఇంజను కాదండీ. బల్ల కిందనుంచే వస్తోంది. నా కాళ్ళ దగ్గర తడిగా కూడా ఉంది. మీరోసారి ఇటొచ్చి..."

"నోర్ముయ్!"

పానకాలరావు గిర్రున వెనక్కి తిరిగాడు. "నీకేం తెలుసని వాగుతావు? వారం రోజులు ఒళ్ళు హూనం చేసుకుని అంగుళం అంగుళం నేను చూశాను. పడవెక్కావో లేదో అపశకునం మొదలెట్టావు. నలుగురిలోకి తీసుకొచ్చినప్పుడల్లా ఇంతే నువ్వు. ఏదో ఒక వంక చూపించి నా పరువు తియ్యకపోతే నీకు పొద్దుపోదు!"

పిల్లల కేరింతలు ఠక్కున ఆగిపోయాయి. పున్నయ్య బిత్తరపోయి ఇంజను తగ్గించాడు. యోగాంబగారు కొండల వైపే చూస్తున్నారు.

ఇంట్లో అరిచిన ఇన్నేళ్ళలో పానకాలరావు ఎదుటివాళ్ళ ముఖాలు చూసి ఎరగడు. గోడని చూస్తూనో, కంచాన్ని చూస్తూనో, చేతిలో ఉన్న వస్తువుని చూస్తూనో అరిచేవాడు. ఇవాళ పడవలో వెనక్కి తిరిగి అరవాల్సి రావడంతో ఆ ఇద్దరి ముఖాలూ ఎదురుగా పడ్డాయి. శేషారత్నం కన్నీళ్ళు పెట్టుకోలేదు. కాళ్ళు మాత్రం కాస్త పైకి ముడుచుకుని, చూపు నీళ్ళ మీదకి తిప్పుకుంది. అదే క్షణంలో హైమ చెయ్యి తనంతట తానే వెళ్ళి తల్లి మణికట్టు పట్టుకుంది. ఇద్దరి ముఖాల్లోనూ ఆశ్చర్యం లేదు. ఈ మనిషి మారిపోయాడని విన్నామే, ఇదేమిటి అన్న నిరాశ కూడా లేదు. తెలిసిన వాన మళ్ళీ మొదలైతే చూరు కిందికి జరిగి నిలబడ్డవాళ్ళలా ఉన్నారు. ఎంతసేపు కురుస్తుందో, ఎప్పుడు వెలుస్తుందో అన్నీ తెలిసినవాళ్ళు. ఇంకేదో అనబోతున్న పానకాలరావు నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఇంజను తగ్గిన ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. వెనక బల్ల కింద గుడగుడమని నీళ్ళు పడుతున్న చప్పుడు.

పడవ వెనకభాగం కిందికి దిగినట్టు అప్పుడు తెలిసింది. బల్ల కిందనుంచి నీళ్ళు పలచటి పొరలా మధ్యలోకి పాకి వచ్చాయి. పున్నయ్య భార్య కెవ్వున అరిచింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. పానకాలరావు మోకాళ్ళ మీద పాకుతూ వెనక్కి వెళ్ళాడు. "ఎవరూ లేచి నిలబడకండి. కూర్చునే ఒక్కొక్కళ్ళు ముందుకి జరగండి. పిల్లల్ని ముందుకి తీసుకోండి. పున్నయ్యా, పడవని రేవు వైపు తిప్పు, మెల్లగా," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి కేక లేదు. బల్ల చెక్క ఊడదీసి చీకట్లోకి చెయ్యి పెట్టాడు. చన్నీళ్ళు ధారగా చేతికి కొట్టాయి. ఆ ధార వెంట వేళ్ళు పాకించుకుంటూ పోతే దొరికింది. పనికిరాదని తీసేసిన మోటారు తాలూకు పాత గొట్టం. మలుపు దగ్గర పొడుగునా నెర్రె విచ్చి ఉంది. పడవ ఖాళీగా ఉన్నప్పుడు దాని రంధ్రం నీటికి జానెడు ఎత్తున ఉంటుంది. ఇంతమంది ఎక్కి, ఆ బరువంతా వెనక్కి పడ్డాక అది నీళ్ళలో మునిగింది. లోపలి నీళ్ళు బయటికి పంపాల్సిన దారినే బయటి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఎంత వస్తే పడవ అంత దిగుతోంది, ఎంత దిగితే నీళ్ళు అంత ఎక్కువవుతున్నాయి.

ఆయన భుజం మీద కండువా తీసి నెర్రెకి చుట్టాడు. ధార తగ్గింది గానీ ఆగలేదు. అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు. చెయ్యి అంతదూరం అందాలంటే పడవ అడుగున నీళ్ళలో ఒక పక్కకి ఒరిగి పడుకోవాలి. అలాగే పడుకున్నాడు. అందరూ ముందుకి జరిగిపోయారు. హైమ వంగి టిఫిను డబ్బాతో నీళ్ళు తోడి పోస్తోంది. శేషారత్నం ఒక్కతే వెనక బల్ల మీద ఉండిపోయింది. ముందుకి వెళ్ళాలంటే భర్తని దాటాలి. ఆమె పాదాలు ఆయన ముఖానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

రేవు చాలా దూరంగా కనబడుతోంది. పున్నయ్య దేవుళ్ళని తలుచుకుంటూ పడవని మెల్లగా పోనిస్తున్నాడు. కాసేపటికి పానకాలరావు చెయ్యి తిమ్మిరెక్కింది. వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. నీటి చప్పుడు మళ్ళీ పెరిగింది.

"చెయ్యి తియ్యండి. నేను పట్టుకుంటాను," అంది శేషారత్నం.

"నీ వల్ల కా..." అనబోయి ఆగిపోయాడు. చెయ్యి కొంచెం పక్కకి జరిపాడు. ఆమె వంగి, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, ఆయన అరచేతి కిందనుంచి ఆ గొట్టాన్ని అందుకుంది. చీకట్లో ఆమె గాజులు ఆయన మణికట్టుకి తగిలాయి.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు ఆయన. ఆ మాట ఆమెతో ఎప్పుడైనా అన్నాడో లేదో ఆయనకి గుర్తు రాలేదు.

"కండువా జారుతోంది. అటు కొస గట్టిగా పట్టుకోండి," అంది ఆమె.

ఒకరి చెయ్యి సడలితే ఇంకొకరు పట్టుకుంటూ రేవు దాకా అలాగే వచ్చారు. పడవ ఇసకకి ఆనగానే పున్నయ్య భార్య పిల్లలిద్దర్నీ పొదివి పట్టుకుని ఒడ్డున కూలబడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. యోగాంబగారు తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుని, అందరికీ వేడిగా కాఫీ పెట్టమని వంటింట్లోకి కబురు పంపారు.

సాయంత్రం కాషాయం మాట ఆవిడ ఎత్తలేదు. పానకాలరావూ ఎత్తలేదు. పొద్దుగూకక ముందే గుంటూరు బస్సు ఉంది. తల్లీకూతుళ్ళతో పాటు ఆయన కూడా రోడ్డు దాకా నడిచాడు. హైమ సంచి భుజాన వేసుకుని పది అడుగులు ముందుగా పోతోంది. ఆయన భార్య పక్కన నడుస్తున్నాడు.

"ఇందాక పడవలో..." అన్నాడు చివరికి.

"అలవాటేగా," అంది శేషారత్నం. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే ఆయనకి కాస్త ఊరటగా ఉండేది.

ఆమే మళ్ళీ అంది. "హైమ ఇంట్లో పాడుకుంటోందండీ. స్నానం చేస్తూ పాడుతుంది, పేపర్లు దిద్దుకుంటూ పాడుతుంది. దానికి పాడటం వచ్చని ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు."

పానకాలరావు కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున గుచ్చుకున్న ముల్లు ఏమిటో అప్పుడు తెలిసింది. "అందుకేనా సమ్మతమని వెంటనే అన్నావు?"

"అందుకేనండీ."

దూరంగా బస్సు హారన్ వినబడింది. ఎర్రటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. పానకాలరావు కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చేస్తానని అనాలనిపించింది. ఆ మాట అనే హక్కు తనకి ఉందో లేదో తెలియలేదు.

"నేను అక్కడ ఉండనులే," అన్నాడు. "పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతాను. ఎప్పుడైనా ఒకసారి. రావచ్చా?"

శేషారత్నం కూతురి వైపు చూసింది. హైమ తండ్రి ముఖం కాసేపు చూసి, కిటికీ అద్దం ఇంకొంచెం పక్కకి జరిపి తెరిచింది.

"వచ్చే ఆదివారం భోజనానికి రండి," అంది శేషారత్నం. "చూద్దాం."

బస్సు కదిలింది. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆయన రోడ్డు మీదే నిలబడ్డాడు.

మర్నాడు పానకాలరావు పున్నయ్య పడవని మళ్ళీ ఒడ్డుకి లాగించాడు. విచ్చిపోయిన గొట్టాన్ని ఊడబెరికి పారేశాడు. దాని రంధ్రాన్ని లోపలనుంచీ బయటనుంచీ గట్టిగా మూసి అతికాడు. అంతటితో ఊరుకోలేదు. ఆశ్రమంలో పనిచేసే వాళ్ళందర్నీ బతిమాలి పడవెక్కించి, వెనక బల్ల మీదే కూర్చోబెట్టి, తను అడుగున పడుకుని చెవి ఆన్చి విన్నాడు. పడవ దిగువగా కుంగింది గానీ చప్పుడు లేదు. అప్పుడు లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, యోగాంబగారి గదిలోకి వెళ్ళాడు.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కుంకుడుకాయలు కొడుతున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని, ఆవిడ చెప్పకుండానే, గింజలూ తొక్కలూ వేరుచేయడం మొదలుపెట్టాడు.

"కాషాయం మాట ఇప్పుడొద్దమ్మా," అన్నాడు.

"సరే," అన్నారు ఆవిడ.

ఆయన చేతులు ఆగాయి. "ఒక్కటి అడగనివ్వండి. ఈ ఏడాదంతా నేను నటించలేదు. చారు ఒలికినప్పుడు నిజంగానే నవ్వొచ్చింది. ఎండలో ఆ పడవ బాగుచేస్తున్నప్పుడు నిజంగానే విసుగు రాలేదు. ఒక్క క్షణమైనా పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నది లేదు. మరి ఆ శాంతమంతా అబద్ధమేనా?"

యోగాంబగారు రాయి పక్కన పెట్టి, ఒళ్ళో పడ్డ తొక్కలు దులుపుకున్నారు.

"అబద్ధం ఎందుకవుతుంది నాయనా?" అన్నారు. "ఎవరూ ఎక్కలేదు, అంతే."